క్రూయిజ్ షిప్‌లో ఎంటర్‌టైన్‌మెంట్ ఉద్యోగం: ఏది ఎవరికి నప్పుతుంది?

క్రూయిజ్ షిప్‌లో ఎంటర్‌టైన్‌మెంట్ డిపార్ట్‌మెంట్‌లో చేరాలనుకునేవాళ్లలో చాలామంది దాన్ని ఒకే ఉద్యోగంగా చూస్తారు. అప్లికేషన్‌లో "ఏ పోస్టయినా ఫర్వాలేదు" అని రాసేస్తారు. అలాంటి అప్లికేషన్ ఎవరి బల్ల మీదికి పంపాలో కంపెనీకే అర్థం కాదు. డాన్సర్లను ఎంపిక చేసే టీమ్ వేరు, మ్యూజీషియన్లను విని చూసేవాళ్లు వేరు, సౌండ్ టెక్నీషియన్‌ను ఇంటర్వ్యూ చేసేవాళ్లు వేరు. ఓడలో అందరూ వినోదమంతా చూసుకునే క్రూయిజ్ డైరెక్టర్ కిందే ఉంటారు గానీ, ఒకరి రోజుకూ ఇంకొకరి రోజుకూ పొంతనే ఉండదు.

కాసినో, స్పా, ఫొటోలు, పెయింటింగుల వేలం కూడా ప్రయాణికులకు వినోదంలాగే కనిపిస్తాయి. అవి మాత్రం సాధారణంగా ఈ డిపార్ట్‌మెంట్‌లోకి రావు. కొన్నిటికి ఓడలోనే వేరే విభాగం ఉంటుంది, కొన్నిటిని బయటి కంపెనీలు నడుపుతాయి. వాటి సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను.

జీతం, క్యాబిన్, స్టేజీ మీద లైట్లు ఇవన్నీ కాసేపు పక్కన పెట్టి, ముందు ఒక్క ప్రశ్న వేసుకోమంటాను. సీ డే నాడు, అంటే ఓడ ఏ రేవులోనూ ఆగకుండా సముద్రం మీదే ఉన్న రోజున, పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా మీరేం చేస్తుంటారు? పోర్ట్ డే నాడు జనం దిగి ఊరు చూడ్డానికి వెళ్తారు, పని పలచబడుతుంది. సీ డే నాడు అందరూ ఓడలోనే ఉంటారు, అందరికీ ఏదో ఒక కాలక్షేపం కావాలి. ఒక్కో ఉద్యోగం అసలు రంగు ఆ రోజే బయటపడుతుంది.

యాక్టివిటీ హోస్ట్

కంపెనీని బట్టి దీన్ని క్రూయిజ్ స్టాఫ్ అంటారు, ఎంటర్‌టైన్‌మెంట్ హోస్ట్ అంటారు, కొన్ని యూరప్ కంపెనీల్లో యానిమేషన్ టీమ్ అంటారు. పొద్దున ట్రివియా (జనరల్ నాలెడ్జ్ క్విజ్), తర్వాత డాన్స్ క్లాసు, మధ్యాహ్నం పూల్ దగ్గర పోటీలు, బింగో, సాయంత్రం పాట వినిపించి పేరు చెప్పించే ఆట, రాత్రి కరావోకే, ఆపైన డెక్ పార్టీ. ప్రయాణికులు ఎక్కే రోజు గ్యాంగ్‌వే (ఓడలోకి ఎక్కే వంతెన) దగ్గర నిలబడి దారి చూపించేదీ వీళ్లే.

ప్రత్యేకమైన డిగ్రీ అడగరు. మైకు పట్టుకుంటే భయపడకుండా మాట్లాడగలగాలి, ఇంగ్లీషు ధారాళంగా రావాలి, ఎంతమంది ఉన్నా కలుపుకుపోవాలి. అందుకే బయట నుంచి చూస్తే ఇదే అన్నిటికన్నా తేలిక అనిపిస్తుంది. ప్రవేశం తేలికే, రోజులు గడపడం తేలిక కాదు.

ట్రివియానే తీసుకోండి. బహుమతి ఒక కీచెయినో పెన్నో. కార్నివాల్ కంపెనీ ఓడల్లో అయితే "షిప్ ఆన్ ఎ స్టిక్" అని ముద్దుగా పిలిచే చిన్న ప్లాస్టిక్ ట్రోఫీ. దాని కోసం రోజూ అవే జట్లు, అవే కుర్చీల్లో వచ్చి కూర్చుంటాయి. మీరు చెప్పిన జవాబు తప్పని రిటైర్డ్ టీచర్ ఒకరు లేచి వాదిస్తారు. పక్క జట్టు ఫోన్‌లో చూసి రాసిందని ఇంకొకరు ఫిర్యాదు చేస్తారు. ఎవరి మనసూ నొప్పించకుండా, నవ్వుతూ, ఆట ఆగకుండా తీర్పు చెప్పాలి. ఇంటర్వ్యూలో ఎంతో చలాకీగా మాట్లాడినవాళ్లు కూడా తడబడే చోటు ఇది.

అసలు అలసట పని గంటల వల్ల కాదు. ఛాతీ మీద నేమ్ బ్యాడ్జ్ ఉన్నంతసేపూ మీరు డ్యూటీలో ఉన్నట్టే. భోజనానికి వెళ్తుంటే "బింగో ఎన్నింటికి?" అని ఆపుతారు. "మీరు రాత్రిళ్లు ఓడలోనే పడుకుంటారా?" అన్న ప్రశ్న వందోసారి విన్నా మొదటిసారి విన్నట్టే జవాబివ్వాలి. మనుషుల మధ్య ఉంటే ఉత్సాహం పెరిగేవాళ్లకు ఇది బంగారం లాంటి పని. నలుగురితో గడిపాక గంటసేపు ఒంటరిగా ఉంటే తప్ప కుదుటపడని మనిషైతే, ఎంత ప్రతిభ ఉన్నా రెండో నెలకే వాడిపోతారు. సిగ్గరులంతా పనికిరారని కాదు. మైకు ముందు మెరిసిపోయే సిగ్గరులు చాలామందే ఉన్నారు, వాళ్లకు మైకు కింద పెట్టాక మొదలయ్యే పనితోనే చిక్కు.

ఎదుగుదల మాట వస్తే మాత్రం ఈ దారి చాలా సూటిగా ఉంటుంది. హోస్ట్ నుంచి యాక్టివిటీ మేనేజర్, అక్కడి నుంచి అసిస్టెంట్ క్రూయిజ్ డైరెక్టర్, ఆపైన క్రూయిజ్ డైరెక్టర్. ఆ చివరి కుర్చీ మీద మనసుంటే హోస్ట్‌గానే మొదలుపెట్టండి. మధ్యధరా సముద్రంలో తిరిగే కోస్టా, ఎంఎస్‌సీ ఓడల్లో అనౌన్స్‌మెంట్లు వరసగా నాలుగైదు భాషల్లో చెప్తారు. ఇటాలియన్, స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్‌లలో రెండు వచ్చినవాళ్లకు అక్కడ మిగతా అర్హతలు కాస్త తగ్గినా చోటు దొరుకుతుంది.

పిల్లల క్లబ్బు

దీన్ని హోస్ట్ ఉద్యోగానికి తమ్ముడిగా అనుకుంటారు. పోలిక పైపైనే. హోస్ట్ వందమంది ముందు గంటసేపు నిలబడతాడు. యూత్ స్టాఫ్ ఒకే గదిలో, అదే పిల్లలతో, గంటల తరబడి ఉంటారు. చప్పట్లుండవు. సీ డే నాడు గది కిక్కిరిసిపోతుంది, స్కూలు సెలవుల్లో ఇంకా ఎక్కువ. పెద్దవాళ్లు రాత్రి షోకి వెళ్లేటప్పుడు పిల్లల్ని ఇక్కడే వదులుతారు కాబట్టి డ్యూటీ అర్ధరాత్రి దాటడం మామూలే.

వయసుల వారీగా క్లబ్బులు వేరువేరుగా ఉంటాయి. కార్నివాల్‌లో 2 నుంచి 11 ఏళ్ల వాళ్లకు క్యాంప్ ఓషన్, 12-14 వాళ్లకు సర్కిల్ సీ, 15-17 వాళ్లకు క్లబ్ ఓ2. మీకు ఏ వయసు పిల్లలు నచ్చుతారో నిజాయితీగా చెప్పుకోండి. మూడేళ్ల పిల్లలతో నేల మీద కూర్చుని బొమ్మలు పేర్చే ఓర్పు వేరు, "ఇక్కడంతా బోర్" అని మూతి ముడుచుకుని కూర్చున్న పదిహేనేళ్ల కుర్రాణ్ని కదిలించే నేర్పు వేరు. పిల్లలతో పనిచేసిన అనుభవం, పోలీసు వెరిఫికేషన్, ఫస్ట్ ఎయిడ్ అడుగుతారు. ఈ విషయంలో కంపెనీ గట్టిగా ఉందంటే అది మంచి గుర్తే.

టీచరు చదువు చదివి, స్టేజీ మీద మోజు లేనివాళ్లకు నేను హోస్ట్ కన్నా ఇదే చెప్తాను. అయితే వైకింగ్, వర్జిన్ వాయేజెస్ కంపెనీల ఓడల్లోకి 18 ఏళ్లు నిండనివాళ్లను రానివ్వరు కాబట్టి అక్కడ ఈ ఉద్యోగమే ఉండదు.

డాన్సర్లు, గాయకులు

స్టేజీ మీద కనిపించేది వీళ్లే, ఎంపికలో పోటీ ఎక్కువ ఉండేదీ ఇక్కడే. నేల మీద స్టూడియోలో కొన్ని వారాల రిహార్సల్, తర్వాత ఓడ ఎక్కి అక్కడి థియేటర్‌లో మళ్లీ సర్దుబాటు, ఆపైన నెలల తరబడి అవే షోలు. వారంలో షో ఉండే రాత్రులు కొన్నే. ఆ రాత్రుల్లో సాధారణంగా ఒకే షో రెండుసార్లు వేస్తారు, ముందు భోంచేసినవాళ్లకొకటి, తర్వాత భోంచేసేవాళ్లకొకటి. మిగతా డిపార్ట్‌మెంట్‌తో పోలిస్తే పగలు ఖాళీ ఎక్కువ. రేవుల్లో దిగి ఊళ్లు చూసే అవకాశం ఎక్కువగా దొరికేది వీళ్లకూ మ్యూజీషియన్లకే.

ఇక్కడ ఇబ్బంది ఒంటికి సంబంధించింది. పెద్ద థియేటర్ చాలా ఓడల్లో ముందు భాగంలో ఉంటుంది, సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ఊపు బాగా తెలిసేది అక్కడే. ఎత్తుమడమల బూట్లతో గిరగిరా తిరుగుతుంటే నేల పక్కకు ఒరుగుతుంది. గాలి మరీ ఎక్కువైతే జోడీని పైకెత్తే లిఫ్టులు, గాల్లో వేలాడుతూ చేసే ఏరియల్ విన్యాసాలు తీసేసి షో మారుస్తారు, లేదా ఆపేస్తారు. మోకాలు బెణికితే మాత్రం మీ స్థానంలోకి రావాల్సిన మనిషి తీరంలో ఉంటాడు. అందుకే అన్ని పాత్రలూ తెలిసిన స్వింగ్‌కు ఓడలో అంత విలువ.

"కాస్ట్‌లో, అంటే షో బృందంలో, తీసుకున్నాం" అనగానే సంతకం పెట్టేయకుండా, షోలు కాకుండా ఇంకేం డ్యూటీలుంటాయో అడగండి. కొన్ని కంపెనీల్లో ఏమీ ఉండవు. కొన్నిట్లో ప్రయాణికులు ఎక్కే రోజు స్వాగతం చెప్పడం, పార్టీల్లో డాన్స్ చేయించడం లాంటివి కలుపుతారు. కాంట్రాక్ట్‌లో ఆ ఒక్క పేరాతో ఉద్యోగం సగం మారిపోతుంది.

మామూలు డాన్స్ కాకుండా ప్రత్యేక విద్య ఉన్నవాళ్లకు వేరే తలుపులున్నాయి. రాయల్ కరీబియన్ 1999లో వాయేజర్ ఆఫ్ ద సీస్‌లో మంచు మీద స్కేటింగ్ చేసే రింకు పెట్టింది. 2009లో ఒయాసిస్ ఆఫ్ ద సీస్‌లో ఎత్తు నుంచి నీళ్లలోకి దూకే విన్యాసాల కోసం ఆక్వాథియేటర్ కట్టింది. స్కేటర్లు, డైవర్లు, తాళ్ల మీద విన్యాసాలు చేసేవాళ్లు ఆటల పోటీల వయసు దాటాక కూడా తమ విద్యతో బతకగలిగే చోట్లు ప్రపంచంలో ఎన్నో లేవు. వాటిలో ఇదొకటి.

మ్యూజీషియన్లలో మూడు రకాలు

"గిటార్ వాయిస్తాను" అంటే సరిపోదు. షో బ్యాండ్‌లో అయితే నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చూసి అప్పటికప్పుడు వాయించగలగాలి. సాయంత్రం ఓడ ఎక్కిన గెస్ట్ గాయకుడు కాగితాలు చేతిలో పెడతాడు, ఒక్క రిహార్సల్, రాత్రికి షో. చెవితో విని నేర్చుకున్నవాళ్లు ఎంత గొప్పగా వాయించినా ఈ ఆడిషన్ దాటడం కష్టం. లాంజ్ బ్యాండ్‌కు నొటేషన్ కన్నా పాటల నిల్వ ముఖ్యం. అరవైల పాట నుంచి పోయిన నెల పాట దాకా అడిగింది వాయించాలి, రాత్రికి మూడు నాలుగు సెట్లు. మూడోది పియానో బార్. అక్కడ వాయిద్యం సగం, కబుర్లు సగం. అదే జనం ప్రతి రాత్రీ వచ్చి చుట్టూ కూర్చుంటారు, వాళ్ల పేర్లు, వాళ్లడిగే పాటలు గుర్తుండాలి. నిజానికి ఇది హోస్ట్ ఉద్యోగానికి దగ్గరి చుట్టం.

కంపెనీని బట్టి కూడా తేడా ఉంటుంది. హాలండ్ అమెరికా తన ఓడల్లో మ్యూజిక్ వాక్ పేరుతో బ్లూస్, రాక్, పియానోలకు వేర్వేరు చోట్లు పెట్టి లైవ్ సంగీతాన్నే ప్రధాన ఆకర్షణ చేసుకుంది. కొన్ని ఓడల్లో ముందే రికార్డు చేసిన ట్రాకులకు తోడుగా నలుగురైదుగురు వాయిస్తే అదే షో బ్యాండ్. ఆర్కెస్ట్రా అనే మాట విని మోసపోకుండా, బ్యాండ్‌లో మొత్తం ఎంతమందో అడగండి.

డీజే గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పని రాత్రి, నిద్ర పగలు. మీకు నచ్చిన పాటలు కాదు, అమ్మమ్మ నుంచి మనవడి దాకా లేచి ఆడే పాటలు వేయాలి. క్లబ్బుల్లో పేరున్న డీజేలకు ఈ షరతు మింగుడుపడదు.

తెర వెనక

సౌండ్, లైట్లు, వీడియో, స్టేజీ, ఆటోమేషన్ (స్టేజీ భాగాల్ని యంత్రాలతో కదిలించడం). నన్నడిగితే ఈ డిపార్ట్‌మెంట్‌లో ఎక్కువమంది చిన్నచూపు చూసేదీ, ఎక్కువమందికి నప్పేదీ ఇదే. నాటకాలన్నా స్టేజీ అన్నా ప్రాణం, కానీ రోజంతా అపరిచితులతో నవ్వుతూ ఉండలేనివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు హోస్ట్‌గా చేరి నలిగిపోతుంటారు. వాళ్లు రావాల్సింది ఇటువైపు.

పెద్ద ఓడల థియేటర్లలో ఉండే పరికరాలు నేల మీద చాలా నగరాల థియేటర్లలో కూడా ఉండవు. 2014లో వచ్చిన క్వాంటమ్ ఆఫ్ ద సీస్‌లో రోబో చేతుల మీద కదిలే తెరలున్న టూ70 హాలు ఉంది. అలాంటి చోట ఒక కాంట్రాక్ట్ చేసొస్తే ఆ విద్య తీరం మీద ఎక్కడికైనా పనికొస్తుంది. "ఆరు నెలలు బింగో నడిపాను" అన్న వాక్యానికి బయోడేటాలో అంత బరువుండదు, అది వేరే రకం నేర్పు అయినా సరే.

కష్టాలు లేవని కాదు. మిగతావాళ్లు రేవులో తిరుగుతుంటే మీరు కాలిన లైటు మారుస్తుంటారు. కొత్త కాస్ట్ వచ్చే వారాల్లో పగలు రిహార్సల్, రాత్రి షో, ఆ తర్వాత మళ్లీ రిహార్సల్. ఓడ కదులుతుంటే పైన వేలాడే ప్రతి బరువుకూ రెండో కట్టు ఉండాలి. ఎవరూ మెచ్చుకోరు గానీ మైకు ఒక్కసారి ఆగితే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు.

గెస్ట్ ఎంటర్‌టైనర్లు

మెజీషియన్లు, కమెడియన్లు, ఏజెంట్ల ద్వారా వచ్చే గాయకులు. ఒక రేవులో ఎక్కి, రెండు షోలు చేసి, ఇంకో రేవులో దిగిపోతారు. సుమారు 45 నిమిషాల షోలు రెండు పూర్తిగా సిద్ధంగా ఉండాలి, రెండిటిలో ఒక్క జోకూ మళ్లీ రాకూడదు. సౌకర్యాలు బాగుంటాయి, ఖాళీ బోలెడు. కానీ బుకింగ్ లేని నెల డబ్బు లేని నెలే, సగం జీవితం విమానాశ్రయాల్లో. నేల మీద ఇప్పటికే నిలదొక్కుకున్నవాళ్లకు తప్ప మొదటి మెట్టుగా ఇది కుదరదు.

ఏ ఓడ, ఎన్ని రాత్రుల ప్రయాణం

ఉద్యోగం ఒకటే అయినా ఓడ మారితే అంతా మారుతుంది. 2024లో మొదలైన ఐకాన్ ఆఫ్ ద సీస్‌లో నిండుగా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు, సిబ్బందే 2,350. అంత పెద్దచోట ఒక్కొక్కరికీ ఒక్కో పని, గీత గీసినట్టు ఉంటుంది. కొన్ని వందలమందే పట్టే చిన్న ఓడలో పొద్దున ట్రివియా నడిపిన మనిషే రాత్రి స్పాట్‌లైట్ పట్టుకోవచ్చు. ఒకే పనిలో ఆరితేరాలంటే పెద్ద ఓడ, అన్నీ తెలుసుకోవాలంటే చిన్నది.

ప్రయాణం పొడవు ఇంకా ముఖ్యం, దీన్ని చాలామంది అడగనే అడగరు. మూడు నాలుగు రాత్రుల ట్రిప్పులైతే వారానికి రెండుసార్లు కొత్త జనం ఎక్కుతారు. వాళ్లు పార్టీ కోసమే వస్తారు, ప్రతి రాత్రీ శనివారం రాత్రిలా ఉంటుంది. మీ జోకులు పది ఉంటే చాలు. మరీ చిక్కు పెట్టే ప్రయాణికుడైనా నాలుగో రోజుకు దిగిపోతాడు. అదే ప్రపంచ యాత్ర అయితే అవే ముఖాలు నెలల తరబడి. వాళ్లకు మీ పేరు, మీ ఇంటి సంగతులు తెలుస్తాయి. నిన్న చెప్పిన జోకు ఇవాళ చెల్లదు. క్వీన్ మేరీ 2 అనే ఓడ అట్లాంటిక్ దాటే ఏడు రాత్రుల ప్రయాణంలో మధ్యలో దిగడానికి రేవే ఉండదు, వరసగా సీ డేలే. అందుకే అందులో పెద్ద బాల్‌రూమ్, ప్లానెటేరియం, ఉపన్యాసాలు, జత లేకుండా వచ్చినవాళ్లతో నాట్యం చేయడానికి డాన్స్ హోస్టులు. హోరెత్తించే హోస్టులకు అది సరైన చోటు కాదు, నెమ్మదిగా మాట్లాడగలవాళ్లకు మాత్రం చక్కటి చోటు.

సంతకం ముందు

ఓడ సిబ్బంది హక్కులకు ఆధారం 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం, ఎంఎల్‌సీ. 2013 ఆగస్టు 20 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 24 గంటల్లో పని 14 గంటలు మించకూడదు, ఏడు రోజుల్లో 72 మించకూడదు. విశ్రాంతి లెక్కలో చెప్పుకుంటే రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77. ఈ రెండు లెక్కల్లో ఓడ జెండా దేశం, అంటే ఓడ నమోదైన దేశం, ఏది పెట్టుకుంటే అది వర్తిస్తుంది. పది గంటల విశ్రాంతిని రెండు ముక్కలు చేయొచ్చు, ఒక ముక్క ఆరు గంటలకు తగ్గకూడదు. హోస్టుల రోజు గంట పని, గంటన్నర ఖాళీ అన్నట్టు ముక్కలుముక్కలుగా నడుస్తుంది కాబట్టి వాళ్లు ఈ నియమాన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆ చిన్న చిన్న ఖాళీలన్నీ విశ్రాంతి కిందికి రావు. కొన్ని దేశాలు కొద్దిరోజులకే వచ్చే గెస్ట్ కళాకారులను ఈ ఒప్పందం కింద లెక్కించవు, వాళ్లు తమ కాంట్రాక్ట్ మీదే ఆధారపడాలి.

అదే ఒప్పందం ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర ఫీజు వసూలు చేయడాన్ని నిషేధిస్తుంది. మెడికల్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, సీమన్ బుక్ (ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం) ఖర్చులు మీవి కావచ్చు. వీసా ఖర్చు ఓడ యజమానిది. "సీటు కన్ఫర్మ్ చేస్తాం, ముందు ఇంత కట్టండి" అన్న ఏజెంటుతో మాట అక్కడితో ఆపేయండి.

జీతాలు పోల్చేటప్పుడు నెల అంకెను చూడకండి. హోస్టుల కాంట్రాక్ట్ సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది నెలలు, తర్వాత వచ్చే సెలవుకు చాలాచోట్ల జీతం ఉండదు. ఏడాదికి ఎంత చేతికొస్తుందో లెక్క కట్టి పన్నెండుతో భాగిస్తేనే నేల మీద ఉద్యోగంతో పోలిక నిలుస్తుంది. బార్, రెస్టారెంట్ వాళ్లకున్నట్టు ఈ డిపార్ట్‌మెంట్‌లో మామూలుగా టిప్స్ ఉండవన్నదీ లెక్కలోకి తీసుకోండి. క్యాబిన్ ఇద్దరికి కలిపి అనే అనుకోండి, సొంత క్యాబిన్ దొరికితే అదృష్టం. ఒకటి మాత్రం కలిసొస్తుంది: వంటింట్లోనో ఇంజిన్ రూమ్‌లోనో పనిచేసేవాళ్లకు లేని విధంగా, ప్రయాణికులు తిరిగే చోట్ల తిరిగే అనుమతి ఈ డిపార్ట్‌మెంట్‌లో చాలామందికి ఉంటుంది.

ఏ పోస్టులో చేరినా తప్పని పని ఒకటుంది, భద్రత. 2012లో కోస్టా కాంకోర్డియా ప్రమాదం తర్వాత నియమాలు మార్చారు. ప్రయాణికుల మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో నేర్పే అభ్యాసం, ఓడ బయల్దేరకముందే, లేదా బయల్దేరిన వెంటనే జరగాలి. ఆ డ్రిల్‌లో లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపించేవాళ్లలో, జనాన్ని దారిలో పెట్టేవాళ్లలో ఎంటర్‌టైన్‌మెంట్ సిబ్బంది తప్పకుండా ఉంటారు. రాత్రి స్టేజీ మీద పాడే గాయని కూడా ఈ శిక్షణ తీసుకుని తీరాలి. ఇంటర్వ్యూలో "ఎమర్జెన్సీ వస్తే ఏం చేస్తారు?" అని అడిగితే అది ఊరికే అడిగే ప్రశ్న కాదు.

హోస్ట్ పోస్టుకు వీడియో పంపేటప్పుడు ఎడిటింగులు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టకండి. నిజమైన జనం ముందు మైకు పట్టుకుని ఏదైనా ఆట నడిపిస్తున్న రెండు నిమిషాలు, కత్తిరించకుండా పంపండి. మధ్యలో ఎవరో అడ్డుతగిలి, మీరు దాన్ని నవ్వుతూ సర్దుకున్న క్షణం అందులో ఉంటే దాన్ని అస్సలు తీసేయకండి.